ఫోర్క్ సార్ చెప్పిన మొదటి పాఠం

అమీర్‌పేట టిఫిన్ సెంటర్లలో ఇచ్చే కాగితం నాప్కిన్ల గురించి ఎవరో ఒకరు రాయాలి. ఎవరూ రాయడం లేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఒకప్పుడు అవి అరచేతి కంటే పెద్దవిగా ఉండేవి. ఇప్పుడు ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు చేసి గ్లాసులో గుచ్చి పెడుతున్నారు. దాంతో తుడుచుకుంటే చట్నీ పోదు, కాగితం వేళ్ళకి అంటుకుంటుంది. ఆ కాగితాన్ని వదిలించుకోవడానికి ఇంకో కాగితం తీసుకోవాలి. అదీ అంటుకుంటుంది. కడుపు నిండిన మనిషి కాగితాలు కట్టుకుని రోడ్డు మీద నిలబడాల్సి వస్తోంది.

మొన్న ఆదివారం పొద్దున మెట్రో మెట్ల కింద పెసరట్టు తిని, ఇదే విషయం కౌంటర్ మీద ఉన్నాయనకి వివరిస్తున్నాను. ఆయన ఓపిగ్గా విని, "ఇంకో నాలుగు తీస్కో అన్నా, ఎవలొద్దన్నరు" అన్నాడు. తీసుకుంటూ ఉండగా జేబులో ఫోను కదిలింది. మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపు. "ఫోర్క్ సార్ పోయారట. శుక్రవారం" అని ఎవరో రాశారు. దాని కింద అప్పటికే పద్నాలుగు జతల చేతులు దణ్ణం పెడుతున్నాయి. పదిహేనో జత పెట్టబోయాను. వేళ్ళకి కాగితం ఉండటంతో ఫోను నా మాట వినలేదు. ఫోనుకి తెలిసే విన్లేదేమో అనిపించింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన పేరు నేను రాతలో ఒకే ఒకసారి వాడాను. అది చాలు. ఎందుకు చాలో చెప్పడానికే ఇదంతా.

అవి అమీర్‌పేటలో గోడ ఖాళీగా కనిపిస్తే జావా బోర్డు కట్టే రోజులు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో మా గదిలో నలుగురం ఉండేవాళ్ళం. నలుగురికీ కలిపి నాలుగు ఇంజనీరింగ్ డిగ్రీలు, ఒక అద్దం. ప్రోగ్రాములు రాయడం నేర్పేవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు. ఉద్యోగం వచ్చాక, పరదేశం నుంచి వచ్చిన క్లయింటు ఎదురుగా కూర్చుని భోంచెయ్యాల్సి వస్తే ఏ చేత్తో ఏది పట్టుకోవాలో నేర్పేవాడు మాత్రం ఒక్కడే. ఒక మెస్సు మేడమీద హాలు. మెట్ల దగ్గర చేత్తో రాసిన బోర్డు: స్టార్ హోటల్ మర్యాదలు, పన్నెండు ఆదివారాలు.

మా నాన్న తణుకులో స్కూలు మాస్టారు. మా ఇంట్లో చెంచా అనేది మందు తాగడానికి వాడేవాళ్ళం. కాబట్టి చేరాను.

సార్ సన్నగా ఉండేవాడు. తెల్ల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. ఆయన గదిలోకి రావడం ఎప్పుడూ చూడలేదు. చూసేసరికి వచ్చి ఉండేవాడు. కుర్చీల మధ్య నడిస్తే ఒక్క కుర్చీకీ తగిలేవాడు కాదు, అడుగుల చప్పుడు ఉండేది కాదు. ఎడమ చెయ్యి ఎప్పుడూ నడుం వెనక మడిచి ఉండేది. బల్ల మీద సుద్దముక్క వంకరగా ఉంటే మాట మధ్యలో ఆపి, దాన్ని బల్ల అంచుకి సమంగా జరిపి, మళ్ళీ మాట అందుకునేవాడు. మాకు వీపు చూపించేవాడు కాదు. బోర్డు మీద రాయాల్సి వస్తే పక్కకి తిరిగి, ఒక కన్ను మా మీదే ఉంచి రాసేవాడు. అందుకే ఆయన రాసిన ఇంగ్లిష్ అక్షరాలన్నీ గాలికి వాలినట్టు ఉండేవి.

క్లాసుకి కావలసినవన్నీ కింద మెస్సులోంచి రావు, అందుకని సార్ భార్య వచ్చేది. హాలు చివర చెక్క అడ్డం వెనక ఒక స్టవ్వు పెట్టుకుని దోసెలు పోసేది. ఫోర్కు, కత్తి పట్టడం మాకు దోసె మీదే వచ్చింది. ఇడ్లీ అంటే చేప. మధ్యలోంచి ముల్లు తీసినట్టు తీయాలి. సాంబారు సూపు. ఉప్మా అన్నిటికంటే కష్టం, ఎందుకంటే అది బఠాణీలు. ఫోర్కు వీపు మీద ఉప్మాని నిలబెట్టి నోటిదాకా తీసుకెళ్ళిన మొదటి మనిషిగా మా బ్యాచ్‌లో నాకు పేరుంది. నా జీవితంలో చప్పట్లు కొట్టించుకున్న సందర్భాలు తక్కువ. అందులో అదొకటి.

ఒళ్ళో వేసుకోవడానికి నాప్కిన్లు సార్ ఊరి నుంచి వచ్చేవి. ఆయనది నేత ఊరు. అన్న ఇంకా మగ్గం మీద కూర్చునేవాడట. ఆ తెల్లగుడ్డని ముక్కలు చేసి, అంచుకి ఎర్రదారం వేసి, ఆవిడే కుట్టేది. కంచిలో పట్టుచీరని మడిచినంత జాగ్రత్తగా సార్ వాటిని మడిచేవాడు.

"తొందర పడకు తమ్మీ, దోసె యాడికి పోదు" అనేది ఆయన మాట. ఇంకొకటి ఉండేది. ఎవరైనా గబగబా కోస్తుంటే పక్కకి వచ్చి నిలబడి, "ఆకలైతున్నదని నీ చెయ్యికి చెప్పకు" అనేవాడు, రహస్యం చెప్పినట్టు.

మొదటి ఆదివారం మొదటి పాఠం ఫోర్కు గురించి కాదు. "తినేముందుగాల ఏం జెయ్యాలె?" అని అడిగాడు. చేతులు కడుక్కోవాలి అన్నాడొకడు. దేవుణ్ణి తలుచుకోవాలి అన్నాడు ఇంకొకడు. మెనూ కార్డులో కుడివైపు చూడాలి అన్నాన్నేను. నవ్వారు. సార్ కూడా నవ్వాడు.

"తెచ్చెటోని పేరు అడగాలె" అన్నాడు.

ఎందుకు సార్ అంటే, "పేరు తెలిస్తే పేరు వెట్టి పిలుస్తవు. తెల్వకుంటె చిటికేస్తవు. పేరు తెల్సినంక చిటికెయ్యనీకి నీకే మనసు రాదు" అన్నాడు.

ఇంగ్లిష్‌లో ఎలా అడగాలో పదిసార్లు చెప్పించాడు. మర్యాదల మీద అచ్చయిన పుస్తకాలు నేను తర్వాత రెండు మూడు తిరగేశాను. ఈ మొదటి పాఠం వాటిలో ఎక్కడా లేదు.

మిగతా పాఠాలన్నిటికీ ఉదాహరణ ఒకటే ఉండేది. కూనూరు కొండ మీద ఒక లాడ్జి. మా ఊళ్ళో లాడ్జి అంటే బస్టాండు ఎదురుగా ఉండి, పేరు అడక్కుండానే తాళం ఇచ్చే చోటు. ఇది అది కాదు. తెల్లదొరల కాలం నాటిది. భోజనాల గదికి కోటు లేకుండా రానివ్వరు. గదిలో చలిమంట వేసుకునే పొయ్యి. కిటికీ తీస్తే మబ్బు లోపలికి వస్తుంది. "ఆడ ఉన్నప్పుడు..." అని సార్ మొదలుపెడితే కుర్చీలు ముందుకి జరిగేవి.

ఆయన అక్కడ ఎలా ఉన్నాడో చెప్పలేదు. మేమూ అడగలేదు. మేమే ఆయనకి ఒక గది ఇచ్చాం, మంచి కోటు తొడిగాం, కిటికీ పక్కన కూర్చోబెట్టాం. నిజానికి కాస్త బుర్ర పెడితే తెలిసేది. ఒకరోజు ఇలా చెప్పాడు. "మంచంల దుప్పటి కింద వెచ్చగ ఏదన్న కాళ్ళకు తాకితే ఆగమాగం కాకున్రి. వేడినీళ్ళ సంచి అది. మూడొంతులే పోస్తరు నీళ్ళు. నిండ పోస్తే మూతకాడ కారుతది." అతిథికి సంచి వెచ్చగా ఉందని తెలుస్తుంది. మూడొంతులే పోస్తారని ఎలా తెలుస్తుంది? ముప్ఫై మంది ఇంజనీర్లం. ఒక్కడికీ తట్టలేదు.

తర్వాత నాకు పంజగుట్టలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అద్దాల మేడ, నాలుగో అంతస్తు. రెండేళ్ళకి మా జట్టు ఏదో ప్రాజెక్టు గడువులోపల ముగించిందని, మమ్మల్ని మూడు రోజులు కొండల మీదకి తీసుకెళ్తామన్నారు. ఎక్కడికని చూస్తే కూనూరు. ఏ లాడ్జి అని చూస్తే అదే.

ఆ సాయంత్రమే అమీర్‌పేట వెళ్ళి సార్‌కి చెప్పాను. ఆయన బల్ల మీద ఉన్న డస్టర్ని సమంగా జరిపాడు. జరపడానికి అది వంకరగా ఏం లేదు.

"మంచిది తమ్మీ. మస్తు చలి ఉంటది, ఉన్ని మేజోళ్ళు కొనుక్కో" అన్నాడు. తర్వాత అడిగాడు. "ఒక పని జేసి పెడ్తవా?"

హాలు పోతోంది. మెస్సు ఓనరు దసరా నుంచి దాన్ని కంప్యూటర్ ల్యాబుకి ఇచ్చేశాడు. ఇంకోచోట హాలు చూసుకునే శక్తి సార్‌కి లేదు. "మీ ఆఫీసుల కొత్తగ చేరెటోళ్ళకు రెండ్రోజుల క్లాసు ఇప్పియ్యి. మీ హెచ్.ఆర్. మేడంతోని ఒక్క మాట. ఒక్క కంపెనీ లోపలికి పోయిననంటె ఇగ నాకు హాలు ఎందుకు? కంపెనీలల్లనే తిరుగుత." ఒక కాగితం ఇచ్చాడు. క్లాసుల వివరాలు, పన్నెండు అంశాలు, జెరాక్సు కాపీ. మొదటి అంశం: తెచ్చేవారి పేరు అడగడం.

"తప్పకుండా సార్. అక్కడ మేడం కూడా వస్తున్నారు, తీరిగ్గా మాట్లాడతాను" అన్నాను.

మాట్లాడాలనే అనుకున్నాను. ఇది నా తరఫున చెప్పుకోదగిన ఒకే ఒక్క మంచి విషయం కాబట్టి చెప్పుకుంటున్నాను.

లాడ్జి సార్ చెప్పినట్టే ఉంది. మబ్బు కిటికీలోంచి వచ్చింది. నా గదిలో పడుకున్న సహోద్యోగి దుప్పట్లోకి దూరి, కెవ్వుమని కేకేసి, మంచంలో ఏదో జంతువు ఉందని కారిడార్లోకి పరిగెత్తాడు. నేను వెళ్ళి వేడినీళ్ళ సంచిని బయటికి తీసి చూపించాను. కదిపి చూస్తే మూడొంతులే ఉన్నాయి.

మొదటి రోజు డిన్నరు. కొవ్వొత్తులు, వెండి సామాను, ఒక్కొక్కరి ముందు ఎన్ని చెంచాలున్నాయో లెక్కపెడితే ఆకలి పోయేంత. మా ఆఫీసులో కోడింగ్ పులులన్నీ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నాయి. నేను నాప్కిన్ ఒళ్ళో వేసుకున్నాను. సూపు తెచ్చిన ముసలాయన్ని పేరు అడిగాను. ఆయన నా మొహంలోకి చూసి, చెప్పాడు. సూపు ఒక్క చుక్క చిందకుండా తాగాను. బఠాణీలు వచ్చాయి. ఉప్మా మీద చేసిన సాధన వృథా పోలేదు.

మా హెచ్.ఆర్. మేడం నాకు ఎదురుగా కూర్చుంది. బంజారాహిల్స్‌లో పుట్టి పెరిగిన మనిషి. చాలాసేపు చూసి, "వెరీ నైస్. నువ్వు మన ఫ్రెషర్స్‌కి ట్రైనింగ్ ఇవ్వాలి. ఎక్కడ నేర్చుకున్నావు ఇదంతా?" అంది.

కాగితం నా కోటు లోపలి జేబులోనే ఉంది. చెయ్యి పెడితే అందుతుంది. ఇంతకంటే మంచి సందర్భాన్ని సార్ కూడా ఊహించి ఉండడు.

"ఇంట్లోనే మేడం. మా నాన్నగారికి ఈ విషయాల్లో పట్టింపు ఎక్కువ" అన్నాను.

మా నాన్నగారికి పట్టింపు ఉన్న మాట నిజమే. పులుసు పారేస్తే ఊరుకోడు.

మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర సూపు వడ్డించిన ఆ ముసలి స్టీవార్డే నా దగ్గరికి వచ్చాడు. ఒక మోకాలు సరిగ్గా వంగదు, ఒరిగి నడుస్తాడు. వచ్చీరాని హిందీలో, "హైదరాబాదా?" అన్నాడు. అవునన్నాను. "పేరు అడిగారు కదా, అనుకున్నాను. ఇంతకు ముందు కూడా ఇద్దరు ముగ్గురు హైదరాబాద్ పిల్లలు వచ్చి పేరు అడిగారు. మీ అందరికీ ఒకడే నేర్పి ఉంటాడు" అని, సార్ పేరు చెప్పాడు.

రమ్మని వంటగది వైపు నడవాలోకి తీసుకెళ్ళాడు. గోడకి పాత ఫొటో. మెట్ల మీద రెండు వరసల్లో పనివాళ్ళు. వెనక వరసలో మా సార్, తెల్ల యూనిఫాం, ఎడమ చెయ్యి నడుం వెనక. పదకొండేళ్ళు చేశాడట. పళ్ళేలు కడగడంతో మొదలుపెట్టి భోజనాల గదిలోకి వచ్చాడట. కిటికీ పక్క బల్ల ఆయనది, అంటే వడ్డించే బల్ల. దాని కోసమే అతిథులు ముందుగా ఉత్తరాలు రాసేవాళ్ళట. తండ్రి పోతే ఊరికి వెళ్ళి, మళ్ళీ రాలేదట. "మీ సార్‌కి చెప్పండి, ఆ బల్ల ఇంకా కిటికీ దగ్గరే ఉంది" అన్నాడు.  మోకాలు సవరించుకుంటూ వెళ్ళిపోయాడు.

అక్కడ నిలబడి నేను గర్వపడి ఉండొచ్చు. కనీసం ఊరుకుని ఉండొచ్చు. కాలేజీ రోజుల్నించీ నాకు ఒక జబ్బు ఉంది. మంచి కథ దొరికితే కడుపులో ఉండదు.

ఆ సాయంత్రం పచ్చికలో మంట వేసి అందర్నీ చుట్టూ కూర్చోబెట్టారు. ఒక్కొక్కరు ఏదో ఒకటి చెయ్యాలన్నారు. ఒకమ్మాయి పాట పాడింది. ఒకతను చేతి గడియారం మాయం చేశాడు. నా వంతు వచ్చింది. లేచి, ఎడమ చెయ్యి నడుం వెనక పెట్టుకున్నాను.

సార్‌ని దించేశాను. నడక, బోర్డు మీద పక్కకి తిరిగి రాసే రాత, ఇడ్లీలో ముల్లు. "ఆడ ఉన్నప్పుడు" అని మొదలుపెట్టి, నడవాలో ఫొటోతో ముగించాను. మేడం కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వు తగ్గాక, "పాపం, మనకి నిజంగానే అలాంటి ట్రైనర్ ఒకరు కావాలి. కానీ వెయిటర్ని తీసుకొచ్చి కూర్చోబెట్టానంటే పైవాళ్ళు నన్ను బతకనివ్వరు" అంది.

అందరూ మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. కాగితం జేబులోనే ఉంది. మంటకి దగ్గరగా నిలబడటం వల్ల కాస్త వెచ్చబడింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆఫీసుకి వచ్చాక, నవ్వించిన ఊపు ఇంకా దిగలేదు. లాడ్జి గదుల్లో అతిథులు నింపే అభిప్రాయాల కార్డు ఒకటి ఉంటుంది. దాన్ని సార్ పేరుతో నేను నింపి, ఇంగ్లిష్‌లో, మా పాత బ్యాచ్ అందరికీ మెయిల్ కొట్టాను. తెలుగులో దాదాపు ఇలా ఉంటుంది:

గది: తలుపు దాకా చాలా బాగుంది. లోపలికి ట్రేతో మాత్రమే వెళ్ళాను.
భోజనం: వాసన అద్భుతం.
సర్వీసు: నాకు నేనే సాటి.
ఫిర్యాదులు: బ్రెడ్ ప్లేటు కుడిపక్క పెట్టించడానికి పదకొండేళ్ళు నిలబెట్టారు.
మళ్ళీ వస్తారా: అమీర్‌పేటలో నన్నే అతిథి అనుకుంటున్నారు, తీరిక లేదు.

కింద ఒక ముక్క: మీ బల్ల ఇంకా కిటికీ దగ్గరే ఉందట.

స్టీవార్డు పంపిన కబురు సార్‌కి చేర్చింది ఆ విధంగా.

ఆ రోజుల్లో మెయిల్ ఎక్కడికి పోతుందో రాసినవాడికి తెలిసేది కాదు. బ్యాచ్ నుంచి బ్యాచ్‌కి, హాస్టల్ నుంచి హాస్టల్‌కి పోయింది. ఆ వచ్చే ఆదివారం క్లాసుకి నన్ను రమ్మని సార్ ముందే పిలిచి ఉన్నాడు. లాడ్జిలో ఉండి వచ్చినవాణ్ణి కదా, పిల్లలకి నాలుగు మాటలు చెప్పాలి. వెళ్ళకుండా ఉండటానికి జ్వరం లాంటివి ఆలోచించాను. ఏదీ రాలేదు. వెళ్ళాను.

మేడమీద హాలు తలుపుకి నా మెయిల్‌ని ఎవరో ప్రింటు తీసి అంటించారు. చింపెయ్యొచ్చు, చుట్టూ ఎవరూ లేరు. చదువుతూ నిలబడ్డాను. రెండోసారి కూడా ఒకచోట నవ్వొచ్చింది. ఈ మాట రాయకుండా ఉండాలని చాలా ప్రయత్నించాను.

లోపల కుర్చీలన్నీ నిండాయి. సార్ నాకు ముందు వరసలో కుర్చీ వేసి ఉంచాడు. అడ్డం వెనక దోసె పోస్తున్న చప్పుడు. సార్ పాఠం మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు గడిచాయి. వెనక నుంచి చిటిక వినిపించింది.

"బాయ్, పానీ."

హాలు మొత్తం నవ్వు బిగబట్టుకుంది. సార్ మాట ఆపాడు. నీళ్ళ జగ్గు తీసుకున్నాడు. చప్పుడు లేకుండా కుర్చీల మధ్య నుంచి వెనక్కి వెళ్ళాడు. చిటికేసిన కుర్రాడి కుడిపక్క నిలబడి, ఎడమ చెయ్యి నడుం వెనక మడిచి, కొద్దిగా వంగి, గ్లాసు నింపాడు. మూడొంతులు.

"కుడి పక్క నిలవడి పోస్తరు. గ్లాసు చేతుల వట్టుకోరు, బల్ల మీద ఉంచే పోస్తరు. బొట్టు వడితె ఈ గుడ్డతోని అద్దుతరు, రుద్దరు. సూసిన్రా?" అన్నాడు, అందరివైపూ. తర్వాత ఆ కుర్రాడి వైపు తిరిగి, "నీ పేరేంది బిడ్డా?" అన్నాడు.

వాడు చెప్పాడు. చిటికేసిన చెయ్యి బల్ల కిందికి దించుకున్నాడు.

అడ్డం వెనక దోసె చప్పుడు ఆగిపోయింది. ఆవిడ పక్కకి వచ్చి నిలబడి చూస్తోంది, చేతిలో అట్లకాడ. ఆవిణ్ణి నేను మొహం తిప్పి సరిగ్గా చూడటం అదే మొదటిసారి.

"ఇప్పుడు మన తమ్ముడు మాట్లాడ్తడు" అన్నాడు సార్.

లేచి పది నిమిషాలు మాట్లాడాను. ఎక్కువగా మంచు గురించి. మంచుకి నేను ఏ అపకారమూ చెయ్యలేదు కాబట్టి దాని గురించి తడబడకుండా చెప్పగలిగాను.

క్లాసు అయిపోయి అందరూ దిగాక నేను ఉండిపోయాను. సార్ నాప్కిన్లు మడుస్తున్నాడు. తలుపు మీది కాగితం తీసి తెచ్చి, నాలుగు మడతలు పెట్టి, బల్ల అంచుకి సమంగా ఉంచి ఉన్నాడు.

"గీ కార్డుల ఒక తప్పున్నది తమ్మీ. బ్రెడ్ ప్లేటు ఎడమ పక్క. నాలుగో క్లాసుల చెప్పిన" అన్నాడు.

"అవును సార్."

"తిరుగుతనే ఉంటదంట గదా ఇది. తప్పు నేర్చుకుంటరు."

ఇంకో నాప్కిన్ మడిచాడు. "నిన్ను నడవాలకు తోల్కపోయింది ఎవలు? పేరడిగినవా?"

"అడిగాను సార్."

"ఏం జెప్పిండు?"

నోరు తెరిచాను. పేరు రాలేదు. అడిగి పది రోజులు కాలేదు. సూపు రుచి గుర్తుంది, బఠాణీలు గుర్తున్నాయి. సార్ మడత ఆపి, "మోకాలు వంగదా?" అన్నాడు. వంగదన్నాను. "ఆయనే. బాగున్నడా?" అన్నాడు, మొహం విచ్చుకుంటూ. బాగున్నాడన్నాను.

"మేడంకు కాయిదం ఇచ్చినవా?"

"ఇచ్చాను సార్. చూస్తామన్నారు."

"సూడనీ. తొందరేం లేదు" అన్నాడు. కాగితం అప్పుడు కూడా నా బ్యాగులోనే ఉంది.

దసరాకి హాలు ల్యాబయింది. సార్ సనత్‌నగర్‌లో ఒక క్యాటరింగ్ అతని దగ్గర వడ్డనవాళ్ళ మీద మేస్త్రీగా చేరాడని విన్నాను. కొన్నేళ్ళ తర్వాత పంజగుట్టలో ఒక రిసెప్షన్‌కి వెళ్తే, దూరంగా బఫే బల్లల మధ్య ఒక సన్నటి మనిషి గిన్నెలన్నీ ఒక వరసలోకి సమంగా జరుపుతూ కనిపించాడు. ఎడమ చెయ్యి నడుం వెనక. నేను ఆ వైపు వెళ్ళలేదు. చివరి కౌంటర్‌లో పెరుగన్నం తెచ్చుకుని, స్తంభం చాటున నిలబడి, చెంచా లేకుండా చేత్తో తిన్నాను. చేతులు తుడుచుకోవడానికి కాగితం కూడా అడగలేదు.

కబురు తెలిశాక మా వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన అడ్రసు పట్టుకుని సనత్‌నగర్ వెళ్ళాను. ఫ్యాక్టరీల వెనక సందులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టు మిషను, గోడకి సార్ ఫొటో, దానికి దండ. ఫొటో కొత్తది కాదు. తెల్ల యూనిఫాం, వెనక లాడ్జి మెట్లు. ఎప్పట్నించో అక్కడే ఉన్నట్టు చుట్టూ గోడ రంగు మాసి, దండ బరువుకి ఫొటో కాస్త జరిగిన చోట మాత్రం తెల్లగా కనిపిస్తోంది.

సార్ భార్య బాగా చిక్కిపోయింది. నన్ను కూర్చోమని, నేనెవరో చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎరికే. బ్రెడ్ ప్లేటు కుడి పక్క వెట్టినోనివి గదా."

తల ఊపాను. ఫొటో వైపు చూశాను, చూడటానికి ఇంకేమీ లేక.

"ఆయన ఏనాడు దాచిపెట్టలే" అంది ఆవిడ. "గా ఫొటో పెండ్లప్పటికెల్లి గోడకే ఉన్నది. ఇంటికొచ్చి సూసినోడు లేడు."

"ఎలా పోయారమ్మా?"

"కూసున్నకాన్నే. అన్నం తిని, చెయ్యి తుడుసుకొని, గుడ్డ మడిచి పక్కకు వెట్టిండు. గంతే."

లోపలికి వెళ్ళింది. స్టవ్వు వెలిగించిన చప్పుడు.  కాసేపటికి చిన్న ట్రేలో చాయ్ తెచ్చింది. ట్రేలో ఎర్రదారం అంచు గుడ్డ పరిచి ఉంది. నా కుడిపక్కకి వచ్చి, కొద్దిగా వంగి, కప్పు బల్ల మీద పెట్టింది. కప్పు చెవి నా చేతి వైపు తిప్పింది.

అప్పుడు నాకు మొదటి పాఠం గుర్తొచ్చింది. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"మీ పేరేంటమ్మా?"

ఆవిడ ట్రే ఒళ్ళో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"పన్నెండు ఆదివారాలు పొయ్యి కాడ నిలవడి నీకు దోసెలు వోసిన. అప్పుడు అడగలే. ఇప్పుడు తెల్సుకొని ఎవలికి రాస్తవు?"